ఎర్రకోటు వెనుక మనవాడే!

కోటబొమ్మాళి: తెరమీద తెల్లదొర తుపాకీ ఎత్తితే హాలు నిశ్శబ్దమైపోతుంది. మన్యం వీరుడి దెబ్బకు అతడు కూలితే ఈలలు, చప్పట్లు. బ్రిటిషు సైన్యం గురించి మన కుర్రకారుకు తెలిసింది దాదాపు ఇంతే. ఆ తుపాకీ పట్టినవాడు ఏ పటాలం వాడు? ఏ ఊరివాడు? సినిమా తీసేటప్పుడు ఈ ప్రశ్న అడగవలసింది సహాయ దర్శకుడు.

సహాయ దర్శకుడంటే క్లాప్ కొట్టేవాడని చాలామంది అనుకుంటారు. అసలు పని వేరు. నిన్న తీసిన షాటులో సిపాయి పతకం ఎడమ రొమ్మున ఉంటే నేడూ అక్కడే ఉండాలి. ఈ వివరాలన్నీ అతని నోటుపుస్తకంలో ఉంటాయి. కె.వి.రెడ్డి వద్ద ‘మాయాబజార్’ (1957)కు ఇలా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు తరువాత తానే పేరున్న దర్శకుడయ్యారు. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రం పూర్తికాకముందే దర్శకుడు వి.రామచంద్రరావు కన్నుమూశారు. మిగతా భాగం కృష్ణ, కె.ఎస్.ఆర్.దాస్ పూర్తి చేశారు. అటువంటి సమయాల్లో ఆ నోటుపుస్తకం విలువ తెలిసివస్తుంది.

సైన్యం దుస్తుల చరిత్ర తెలిసినవాడికి సినిమాలో ఎంత గౌరవమో లండనులో పుట్టిన జాన్ మోలో జీవితం చెబుతుంది. ఆ విషయంపై పుస్తకాలు రాసిన ఆయనను స్టాన్లీ కుబ్రిక్ ‘బ్యారీ లిండన్’ (1975)కు సలహాదారుగా పెట్టుకున్నారు. ‘గాంధీ’ (1982) చిత్రానికి మన దేశపు భాను అథయ్యాతో కలిసి మోలో ఆస్కారు అందుకోవడం విశేషం.

ఇక మన సంగతి. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించిన కర్నల్ ఫోర్డు సేనలో తెల్లవారికంటే సిపాయిలే ఎక్కువ. విజయనగరం ఆనందరాజు బలగం అదనం. 1794 జూలై 10న పద్మనాభంలో విజయరామరాజు నేలకొరిగినప్పుడు కంపెనీ తరఫున తుపాకులు పేల్చినవారిలోనూ దేశీయ సిపాయిలున్నారు. ఉత్తరాదిన సిపాయికి ‘తిలంగా’ అనే పేరు మనవాళ్ల వల్లే వచ్చింది. అలాగని మనవాళ్లు తలవంచుకునే లేరు. 1780 అక్టోబరు 3న హైదరాలీపై యుద్ధానికి ఓడ ఎక్కమంటే విశాఖపట్నంలో సిపాయిలు ఎదురుతిరిగారు.

1922 నాటికి ఎర్రకోటు పోయి ఖాకీ వచ్చింది. గొట్టంలో మందు కూరే తుపాకీ పోయి .303 రైఫిల్ వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో కవార్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు హతమయ్యారు. సీతారామరాజును పట్టేందుకు మలబారు స్పెషల్ పోలీసులు, తరువాత అస్సాం రైఫిల్స్ వచ్చారు. దళాల్లో అధిక సంఖ్యాకులు భారతీయులే, గూర్ఖాలే. ఇది తెలియని సహాయ దర్శకుడు 1922 నాటి సిపాయికి ఎర్రకోటు తొడిగినా తొడుగుతాడు, తెరనిండా తెల్లవారినే నింపుతాడు.

ఇంతకూ ఆధారాలు ఎక్కడున్నాయి? లండనులోనే కాదు, మన ఇళ్లలోనూ ఉన్నాయి. 1914-18 యుద్ధానికి వెళ్లివచ్చిన సిపాయికి సర్కారు ఇచ్చిన వెండి పతకం అంచును భూతద్దంతో చూడండి. నంబరు, హోదా, పేరు, పటాలం పేరు చెక్కి ఉంటాయి. తాత పేరు తప్ప మరేమీ తెలియని ఇంటికి అది సగం చరిత్ర. దురదృష్టవశాత్తూ వెండి కదా అని ఇటువంటి పతకాలు కంసాలి మూసలోకి పోతున్నాయి. దానితోపాటు పటాలం పేరూ కరిగిపోతున్నది.

జిల్లా నుంచి నేటికీ ఎందరో యువకులు సైన్యంలో చేరుతున్నారు. వారి ముందుతరాలవారు ఎవరి జెండా కింద, ఎవరి మీద తుపాకీ ఎత్తారో తెలుసుకోవడం అవమానమేమీ కాదు. తాత ట్రంకుపెట్టెలో పతకమో, డిశ్చార్జి కాగితమో ఉంటే అమ్మకండి, చింపకండి. కనీసం అంచుమీద ఉన్నదాన్ని ఒక కాగితంపై రాసి పెట్టండి. రేపు మన ఊరి కుర్రవాడెవరైనా సహాయ దర్శకుడైతే, మొదట చూడవలసింది ఆ కాగితమే.