ఇనుమును పరీక్షించువానికి పరీక్ష

ఈ సంక్రాంతికి మా యూరి గృహస్థుడొకరు నాయొద్దకు వచ్చి యొక అచ్చుకాగితమును చేతికిచ్చిరి. ఆయన కుమారుడు విశాఖపట్టణమున ఇనుము, ఉక్కు మొదలగు పదార్థములను పరీక్షించు సంస్థలో ఉద్యోగి. ఆ సంస్థవారు తమ ఉద్యోగుల విశేషములను అచ్చువేసి పంచిపెట్టు పత్రిక యది. అందు క్రొత్తగా చేరినవారి పేర్లు, పదవీవిరమణము చేసినవారి పేర్లు, వానితోపాటు “అల్ట్రాసోనిక్ పరీక్షయందు రెండవ శ్రేణి ఉత్తీర్ణులు” అను శీర్షిక క్రింద ఈ పిల్లవాని పేరును ఉన్నవి. తండ్రి ముఖమున సంతోషముకంటె సందేహమే యెక్కువగా నుండెను.

“మాస్టారూ, మావాడు డిప్లొమా ప్యాసయి ఆరేళ్లయింది. ఇప్పుడు మళ్లీ ఈ పరీక్షలేమిటి? ఏటేటా కళ్లు కూడా చూపించుకోవాలట. పనిలో తప్పేమైనా చేశాడంటారా?” అని ఆయన యడిగిరి.

ప్రశ్న మంచిది. మన గ్రామములనుండి అనేకులు ఇట్టి పనులకు విశాఖకు పోవుచున్నారు. వారు చేయు పని యేదో, దానికింత శిక్షణ మెందులకో పెద్దలకు తెలిసియుండుట మేలు. కావున ఆయనకు చెప్పిన సమాధానమునే కొంత విస్తరించి మీకు మనవి చేయుచున్నాను.

పరీక్షించుట మనకు క్రొత్త విద్య కాదు. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఇల్లాలు ఒక మెతుకు తీసి నలిపి చూచును. సంతలో కుండ కొనునపుడు వ్రేలితో కొట్టి చెవియొగ్గి వినును. కంసాలి బంగారమును గీటురాయిమీద గీసి చూచును. కౌటిల్యుని అర్థశాస్త్రమందు సువర్ణాధ్యక్షుని ప్రకరణమున ఈ గీటురాయి పరీక్షయు, అందు జరుగు మోసములును చెప్పబడియున్నవి. ఈ పరీక్షలలో రెండు తెగలు గలవు. నలిపిన మెతుకు మరల తినుటకు రాదు. కొట్టి చూచిన కుండ మాత్రము చెడదు, నీళ్లకు పనికివచ్చును. నేటి పరీక్షాశాలలలోని పరీక్షలును ఈ రెండు తెగలకే చెందును. మచ్చుతునకను చెరిపి చూచునవి కొన్ని, వస్తువును చెరుపక లోపలి గుణము కనుగొనునవి కొన్ని.

విశాఖపట్టణమున ఈ పని పెరుగుటకు కారణము ఆ పట్టణపు చరిత్రలోనే యున్నది. అచ్చటి ఓడరేవు 1933లో తెరువబడెను. సింధియా వారి నౌకానిర్మాణశాలలో కట్టబడిన ‘జల ఉష’ యను ఓడ 1948 మార్చిలో నెహ్రూగారి చేతులమీదుగా నీటిలోనికి దిగెను. ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరిలో ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేయగా, 1992 ఆగస్టులో పి.వి. నరసింహారావుగారు దానిని జాతికి అంకితము చేసిరి. ఓడలు, బరువులెత్తు క్రేనులు, నూనె శుద్ధిచేయు కర్మాగారపు గొట్టములు, వాయువు నింపు పెద్ద పాత్రలు, ఇవియెల్ల ఇనుపరేకులను వెల్డింగుచే అతికి చేసినవే. అతుకు పైకి నున్నగా నుండును. లోపల బుడగయున్నను, బీటయున్నను మన కంటికి కానరాదు. కాననిదానిని కనుగొనుటయే ఈ పిల్లవాని వృత్తి.

మొదట మనకు తెలిసిన వస్తువును చూతము. ఇంటి స్లాబులో వేయు ఉక్కుచువ్వలకు భారత ప్రమాణము ఒకటి గలదు, దాని సంఖ్య 1786. అందు ‘ఎఫ్.ఇ. 500డి’ యను తరగతి చువ్వ చదరపు మిల్లీమీటరునకు 500 న్యూటనుల లాగుడును శాశ్వతముగా సాగిపోకుండ ఓర్వవలెను. లెక్కవేసినచో 12 మిల్లీమీటర్ల చువ్వ యొక్కటియే సుమారు 5,700 కిలోల బరువు నోర్వవలెనన్నమాట. ఇంకను లాగినచో తెగుటకు ముందు నూటికి 16 పాళ్లకు తగ్గక సాగవలెను. ఏలయనగా, సాగు ఉక్కు ఇల్లు కూలుటకు ముందు పగుళ్లచే మనలను హెచ్చరించును. సాగని ఉక్కు హెచ్చరింపకయే తెగును.

మరియొక పరీక్ష యున్నది. చువ్వను వంచి, సలసల కాగు నీటిలో అరగంట యుంచి, చల్లార్చి, మరల కొంత వెనుకకు వంచుదురు. కొన్ని ఉక్కులు వంచిన పిమ్మట కాలము గడచినకొలది పెళుసెక్కును. నెలలు గడచిన పిమ్మట తెలియవలసిన యా దోషమును వేడినీరు అరగంటలో బయటపెట్టును. ఇవి మెతుకు నలిపి చూచు పరీక్షలు.

ఇక కుండను కొట్టి వినునట్టిది. అల్ట్రాసోనిక్ పరీక్ష యనగా నిదే. మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనములవరకు మాత్రమే వినగలదు. ఈ పరీక్షలో సాధారణముగా సెకనుకు 20 లక్షలు మొదలు 50 లక్షల కంపనములుగల ధ్వనిని ఇనుములోనికి పంపుదురు. అది ఉక్కులో సెకనుకు సుమారు 5,900 మీటర్ల వేగమున పోవును. దారిలో బీట తగిలినచో, నూతిలో కేకవేసినపుడు వచ్చు మారుమ్రోతవలె వెనుకకు మరలివచ్చును. ఎంతసేపటికి వచ్చినదో లెక్కించి, ఎంత లోతున దోషమున్నదో యంత్రము గీతరూపమున చూపును.

“యంత్రమే చూపునపుడు మనిషికి చదువెందుల”కని మీరడుగవచ్చును. అసలు కిటుకు అచ్చటనే యున్నది. గీత లేచినంతమాత్రమున దోషమున్నదని కాదు. అతుకు అడుగుభాగపు ఆకారమువలనను గీత లేచును. బీట వాలుగా నున్నచో మ్రోత వేరొక దిక్కునకు పోయి గీత లేవకపోవచ్చును. వైద్యుడు నాడిని పట్టినట్లే, యంత్రము కొట్టుకొనుటను మాత్రమే తెలుపును. రోగనిర్ణయము చేయవలసినవాడు మనుష్యుడే.

పరీక్ష చేసినను మనుష్యుడు చూడలేనిచో నేమగునో తెలుపుటకు ఒక యథార్థగాథను చెప్పెదను. పైపగుళ్లను కనుగొనుటకు ఒక తైలమును పూసి, లోనికి ఇంకనిచ్చి, పైన తుడిచివేయుదురు. వానవెలిసి గోడ ఆరినపిమ్మట బీటవెంబడి మాత్రము చెమ్మ కనబడునట్లు, పగులులో ఇంకిన తైలము మరల పైకివచ్చి గీతగా కనబడును. మితిమీరి తుడిచినచో పగులులోని తైలముకూడ పోవును. తక్కువ తుడిచినచో అంతయు మరకయే. 1989 జూలై 19వ తేదీన అమెరికాలో డెన్వరునుండి చికాగోకు పోవుచున్న విమానమున తోకభాగపు ఇంజనులోని టైటానియపు చక్రము పగిలి తునకలయ్యెను. ఆ తునకలు విమానమును నడుపు గొట్టములను తెగగొట్టినవి. సూసిటీ యను ఊరి విమానాశ్రయమున దిగుటకు యత్నించుచు విమానము కూలెను. అందున్న 296 మందిలో నూటపదిమందికి పైగా మరణించిరి.

ఆ చక్రము అంతకు పదునైదు నెలల ముందు ఈ తైలపరీక్షకు గురియైనదే. అప్పటికే అందు అర అంగుళపు బీట యుండెనని విచారణసంఘమువారు నిశ్చయించిరి. పగిలిన లోహముమీద ఆ పరీక్షాతైలపు జాడలును కనబడినవట. అనగా తైలము బీటలోనికి పోయినది. చూడవలసిన కన్ను మాత్రము దానిని చూడలేదు. పరీక్షించువాని శక్తిపరిమితులను తగినంతగా గమనింపకపోవుట ఈ ఘోరమునకు కారణమని వారు వ్రాసిరి.

అందువలననే పరీక్షించువారికిని పరీక్షలు ఏర్పడినవి. అమెరికాలోని అవినాశక పరీక్షాసంఘమువారు 1966లో మొదటిసారి ప్రకటించిన నియమావళి నేటికిని సవరణలతో మన దేశమున విరివిగా వాడుకలో నున్నది. మన దేశపు సంఘము చెన్నపట్టణము కేంద్రముగా పనిచేయుచున్నది, విశాఖయందును దానికి శాఖ గలదు. ఈ విద్యలో మూడు శ్రేణులున్నవి. మొదటి శ్రేణివాడు వ్రాసియిచ్చిన విధమును అనుసరించి యంత్రమును నడుపును. రెండవ శ్రేణివాడు యంత్రమును తానే సరిచేసికొని, ఫలితమునకు అర్థము చెప్పి, సంతకము చేయును. మూడవ శ్రేణివాడు పద్ధతులను నిర్ణయించి, తక్కినవారికి నేర్పి, వారిని పరీక్షించును.

అల్ట్రాసోనిక్ విద్యకు ఆ నియమావళి ప్రకారము మొదటి రెండు శ్రేణులకు సాధారణముగా 40 గంటల చొప్పున పాఠములు వినవలెను. అదిగాక మొదటిదానికి 210 గంటలు, రెండవదానికి 630 గంటలు చేతితో పనిచేసిన అనుభవము కావలెను. పిమ్మట సామాన్యశాస్త్రమున నొకటి, ఆ సంస్థ చేయు పనినిగూర్చి యొకటి, చేతిపనిలో నొకటి, మొత్తము మూడు పరీక్షలు. ఏ యొక్కదానిలోను నూటికి 70కి తగ్గరాదు, మూడింటి సగటు 80కి తగ్గరాదు. చేతిపని పరీక్షలో దోషములున్న ఇనుపతునకల నిత్తురు. ఆ దోషము లెచ్చట నున్నవో పరీక్షాధికారికి మాత్రమే తెలియును. ఉన్నదానిని కనుగొనకపోవుట యెట్టి తప్పో, లేనిదానిని ఉన్నదనుటయు నట్టి తప్పే.

కన్నుల సంగతి యింకను సులభము. నలువది యేండ్లు దగ్గరపడిన కొలది చత్వారము వచ్చునని మీకు తెలియనిది కాదు. అది వచ్చినట్లు మొదట మనకే తెలియదు, దీపము చాలలేదని గొణుగుదుము. వెండ్రుకవాసి పగులును చూడవలసినవానికి అది చాల ప్రమాదము. కావున ఏటేట దగ్గరనుంచి సన్నని అక్షరములను చదివించి చూతురు. రంగుల భేదము గుర్తింపగలడో లేడో కూడ చూతురు. అయిదేండ్లకొకసారి యోగ్యతాపత్రమునే క్రొత్తది చేసికొనవలెను. ఇది యవమానము కాదు. త్రాసు పట్టువాని రాళ్లను గడువు ప్రకారము సరిచూచి ముద్రవేయుట వంటిది.

ఇంతవరకు చెప్పగా ఆ గృహస్థుడు కొంతసేపు మాటాడక, పిమ్మట మెల్లగా నొక సంగతి చెప్పిరి. క్రిందటి వర్షకాలమున ఆయన కుమారుడు ఒకచోట రాత్రివేళ గొట్టపు అతుకును పరీక్షింపగా దోషము కనబడినదట. దానిని కోసి మరల అతుకవలెనన్నచో ఒకదినము పని ఆగును. పని చేయించువారు, “ఇంతమాత్రమునకు ఏమగును, సంతకము పెట్టు”మని ఒత్తిడిచేసిరట. పిల్లవాడు ఫోనులో తండ్రి సలహా యడిగెను. “వాళ్లతో మనకెందుకు తగవు, పెట్టేయ్ అన్నాను మాస్టారూ,” అని ఆయన తలవంచుకొనిరి. పిల్లవాడు పెట్టలేదు. రెండవ ప్రక్కనుండి మరల చూచి, అదే గీత లేచుట గమనించి, దోషమున్నదనియే వ్రాసెను. అతుకు కోసి చూడగా లోపల బీట యుండెను.

అయ్యలారా, వాని కా ధైర్యము ఎక్కడనుండి వచ్చినది? సగము తెలిసినవాడు ఎదుటివాడు గద్దించినచో తనకన్నునే శంకించును. నేర్చినవాడు తాను చూచినది చూచితినని చెప్పగలడు. ఆ నలువదేసి గంటల పాఠములు, ఆ వందలగంటల అభ్యాసము వానికి యంత్రమును నడుపుట మాత్రమే నేర్పలేదు, కాదనగల శక్తినికూడ నిచ్చినవి. ఆ అచ్చుకాగితమున వాని పేరు పడుటకు అర్థమిదియే.

కావున పెద్దలకు నా మనవి రెండే మాటలు. ఈ విద్యకు పిల్లలను పంపునపుడు, యంత్రమును ఎన్ని గంటలు చేతికిత్తురు, పరీక్షించువారి యోగ్యత యేమి, ఏ నియమావళి ప్రకారము పత్రమిత్తురు అని యడుగుడు. యంత్రము ముట్టనీయక కాగితము మాత్రమిచ్చు చోటికి పంపకుడు. రెండవది, పిల్లవాడు రాత్రివేళ ఫోనుచేసి సలహా యడిగినచో, ఆ గొట్టమువద్ద పనిచేయువారును మనవంటివారి బిడ్డలేయని తలచి మాట చెప్పుడు.

ఆ గృహస్థుడు కాగితమును మడిచి జేబులో పెట్టుకొని, ఉక్కునగరపు బస్సు ఎన్నిగంటలకని అడిగి లేచిరి. కుమారుని చూచి రావలెననిరి.