కలరా ఉండలు ఎటు పోతాయి?

బీరువాలో పట్టుచీరల మధ్య వేసిన కలరా ఉండలు కొన్ని నెలలకు శనగగింజంత మిగులుతాయి. చీర మీద మాత్రం చుక్క తడి ఉండదు. మూత వదులైన డబ్బాలో కర్పూరానిదీ అదే దారి. ఘనపదార్థం ద్రవం కాకుండానే ఆవిరైపోవడాన్ని ఉత్పతనం అంటారని బళ్లో చదువుకున్నదే.

ఆ పాఠంతోపాటు ఒక అపోహ కూడా మనలో చాలామందికి అంటుకుంది: ఇవి అసలు కరగవని. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర శుభ్రంగా కరుగుతుంది, 218 దగ్గర మరుగుతుంది. కర్పూరం 180కి కాస్త అటూఇటూగా కరుగుతుంది. హారతి పళ్లెంలో వెలుగుతున్న బిళ్లను దగ్గరగా చూడండి. మంట కింద అది తడిగా మెరుస్తూ కరుగుతుంటుంది. బీరువా అంత వేడెక్కదు కాబట్టి అక్కడ ఆ దశ మన కంటపడదు, అంతే.

మరి కరగకుండానే ఎలా హరించుకుపోతున్నాయి? ఘనపదార్థంలో అణువులు కదలకుండా ఉండవు, ఉన్నచోటే కంపిస్తుంటాయి. అన్నింటికీ ఒకే శక్తి ఉండదు. పైపొరలో ఉన్నవాటిలో కాస్త ఎక్కువ శక్తి చిక్కినవి పక్కవాటి పట్టు విడిపించుకుని గాలిలో కలుస్తాయి. మన ముక్కుకు తగిలే వాసన వాటిదే. నాఫ్తలీన్, కర్పూరం అణువుల మధ్య ఆకర్షణ బలహీనం కాబట్టి మామూలు గది వేడి చాలు. ఉప్పులో సోడియం, క్లోరైడ్ అయాన్లను విద్యుదాకర్షణ గట్టిగా పట్టి ఉంచుతుంది. అది కరగాలంటేనే 801 డిగ్రీలు కావాలి. అందుకే ఉప్పుజాడీ మూత తీసి ఉంచినా ఉప్పు ఎగిరిపోదు. (వానాకాలంలో చెమ్మపట్టి నీరు కారుతుంది. అది వేరే కథ.) ఫ్రీజర్‌లో చాలాకాలం మరిచిపోయిన ఐసు ముక్కలు చిక్కిపోవడానికీ కారణం ఉత్పతనమే.

ఎగిరిన అణువుల్లో కొన్ని తిరిగొచ్చి అతుక్కుంటాయి కూడా. మూత బిగిస్తే డబ్బాలో ఆవిరి పెరిగి, పోయేవీ వచ్చేవీ సమానమవుతాయి. అక్కడితో తరుగు ఆగుతుంది. గాజుసీసాలో కర్పూరం ఉంచితే, గోడ చల్లగా ఉన్న వైపు సన్నని మెరిసే స్ఫటికాలు పేరుకోవడం చూడొచ్చు. డబ్బాలో నాలుగు మిరియాలు వేస్తే కర్పూరం తరగదని పెద్దవాళ్లు అంటారు. నన్నడిగితే ఆ గొప్ప బిగుతు మూతదే.

నిజంగా మన చుట్టూ ఉన్న గాలి పీడనంలో ద్రవంగా మారనిది పొడి మంచు, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. మైనస్ 78 డిగ్రీల దగ్గర సూటిగా వాయువైపోతుంది. దాన్ని ద్రవంగా చూడాలంటే పీడనం అయిదు రెట్లు దాటాలి.

చివరగా ఒక మాట. బీరువాలో తరిగిన నాఫ్తలీన్ చేరేది బట్టల్లోకి, మనం పీల్చే గాలిలోకి. జి-6-పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన పసివాళ్లలో అది ఎర్రరక్తకణాలను పగలగొట్టి తీవ్రమైన కామెర్లు తెప్పించగలదు. ఆ లోపం పైకి చూస్తే తెలియదు. కాబట్టి చంటిపిల్లల బట్టల్లో, దుప్పట్లలో కలరా ఉండలు వేయకండి.