పోగొట్టుకొన్న చోటనే వెదకవలెను

సూరత్ నగరమున, తాపీనదికి ఉత్తరపు ఒడ్డున అమ్రోలి ఉన్నది. అక్కడ ఒక ఖాళీ స్థలములో, సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రము, తెలుగు స్త్రీలు వలయముగా తిరుగుతూ, చప్పట్లు చరుస్తూ ఆడినారని అనుకొందాము. పూలను నీటిలో విడిచినారు, సద్దులు పంచుకొన్నారు, ప్రొద్దుపోయి ఇళ్ళకు చేరుకొన్నారు. తెల్లవారి స్నానమునకు కూర్చున్న ఒక ఇల్లాలు అలవాటు చొప్పున మెడలోని పుస్తెలతాడును చేతిలోనికి తీసుకొన్నది. తాడున ఒక పుస్తె ఉన్నది. రెండవది లేదు.

ఈ ఇల్లాలు మనము కల్పించుకొన్న వ్యక్తి. ఆమె గుండెలోని దడ మాత్రము కల్పితము కాదు. మగ్గమును నమ్ముకొని తెలంగాణ జిల్లాల నుండి సూరతుకు వలసపోయిన పద్మశాలి కుటుంబములు అనేకము. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున కూడ పాఠశాలలు నడుపుతున్నదంటే, ఆ ఊరిలో తెలుగువారు ఎంతగా వేళ్ళూనినారో ఊహించవచ్చును. మరమగ్గముల రొదలో సంపాదించిన కూలి కొంత అద్దెకు, కొంత స్వగ్రామమునకు పోగా, మిగిలిన నాలుగు రాళ్ళు బంగారముగా మారి ఇల్లాలి మెడలోనికి చేరుతవి. జబ్బు చేసినా, పని పోయినా, తాకట్టుకు అక్కరకు వచ్చేది ఆ బంగారమే.

ఇక పుస్తె మాట వేరు. రెండింటిలో ఒకటి పుట్టింటివారు పెట్టినది, ఒకటి అత్తింటివారు పెట్టినది. బరువు చూస్తే ఏ కొద్ది గ్రాములో ఉంటుంది. కాని మళ్ళీ చేయించుకొన్నంత మాత్రమున పోయినది తిరిగి వచ్చినట్లు కాదు. అది పోయినదని తెలిసిన క్షణమున ఆమె చేసే మొదటి పని తాడుకు పసుపుకొమ్ము కట్టుకొనడము. రెండవ పని ఏడవడము. మూడవ పని వెదకడము. ఈ వ్యాసము ఆ మూడవ పనిని గూర్చి.

వెదకడము ఒక వృత్తి

పోయిన బంగారమును వెదకి పట్టడము మన దేశమున ఒక ప్రాచీన వృత్తి. కంసాలి దుకాణముల ముంగిటి దుమ్మును, ప్రక్క కాలువలలోని బురదను ప్రోగుచేసి, నీటిలో కడిగి, అడుగున మిగిలిన బంగారు రజనును ఏరుకొని బ్రతికేవారు ఉన్నారు. గుజరాతులో వారిని ధూళ్‌ధోయా అంటారు. ధూళిని కడిగేవారని అర్థము. తెలుగులో ఈ పనికి జలకడుగుట అని పాత మాట ఒకటి ఉన్నది. మేలిమి బంగారము నీటికంటె సుమారు 19 రెట్లు బరువు. ఇసుకరేణువు రెండున్నర రెట్లకు కొంచెము ఎక్కువ. పళ్ళెమును నీటిలో ఒడుపుగా త్రిప్పితే తేలికయైన మన్ను పొర్లిపోతుంది, బరువైన బంగారము అడుగంటుతుంది. రాలిన నగ కూడ ఇదే ధర్మమును అనుసరించి, వదులు ఇసుకలో నడిచే కాళ్ళ అదురుకు కొంచెము కొంచెముగా క్రిందికి దిగుతుంది. కనుకనే నిన్న పడిన వస్తువు నేడు కంటికి కనిపించదు.

సముద్రము సైతము ఒక్కొక్కప్పుడు తాను మ్రింగిన దానిని తిరిగి ఇస్తుంది. 2020 నవంబరులో నివర్ తుపాను పిమ్మట కాకినాడ సమీపమున ఉప్పాడ తీరములో చిన్న చిన్న బంగారు తునకలు దొరికినవి. స్త్రీలు, పిల్లలు, జాలరులు గుంపులుగా వంగి ఇసుకను గాలించినారు. కెరటములు ఏటేట తీరమును కోసివేయగా ఇళ్ళను, గుడులను పోగొట్టుకొన్న ఊరు అది. పునాది వేసేటప్పుడు బంగారపు తునక ఉంచే ఆచారము మనకు ఉన్నది గదా! కూలిన ఆ కట్టడముల బంగారమే అలలతో ఒడ్డుకు వస్తున్నదని అక్కడివారి నమ్మకము.

కాని వెదికిన ప్రతి చోటా బంగారము ఉండదు. అమ్రోలికి నది ఆవలి ఒడ్డున వరాఛా ఉన్నది. వజ్రముల వ్యాపారమునకు పేరుపొందిన ప్రాంతము. 2023 సెప్టెంబరులో అక్కడ ఎవరిదో వజ్రముల పొట్లము వీథిలో జారిపడినదని వదంతి పుట్టినది. క్షణములలో జనము చేరి, రోడ్డు మీది దుమ్మును చేతులతో ఊడ్చి వెదికినారు. కొందరికి రాళ్ళు దొరికినవి కూడ. తీరా చూస్తే అవి చౌకరకము నగలలో పొదిగే, అమెరికన్ డైమండ్ అని పిలిచే నకిలీ రాళ్ళు.

ఈ సంఘటనలో మన ఇల్లాలికి ఒక హెచ్చరిక ఉన్నది. వస్తువు పోయినదన్న మాట పొక్కగానే సాయము చేయవచ్చిన పదిమంది పాదములే దానిని మట్టిలోనికి త్రొక్కివేస్తవి. కనుక ఆ స్థలమున జనమును చేరనీయరాదు. పొరుగింటి ఆమె చెప్పదగిన మంచి మాట ఒకటే: “ఏడువకు వదినె! నిన్న మాపటి నుంచి ఏడేడ తిరిగినవో ముందుగాల యాదికి తెచ్చుకో.”

మాట్లాడే దండము

ఇప్పుడు యంత్రము మాటకు వద్దాము. మెటల్ డిటెక్టరును మన దేశమున చాలమంది పోలీసు తనిఖీ దళముల చేతిలోను, సినిమాహాళ్ళ ద్వారముల వద్దను మాత్రమే చూచి ఉంటారు. పోయిన ఉంగరములను వెదకడానికి ఉపయోగించేది మరియొక ఆకృతి: పొడవైన కర్ర, దాని కొసన పళ్ళెము వంటి చట్రము, చెవులకు హెడ్‌ఫోను. పళ్ళెములో రాగితీగ చుట్టలు ఉంటవి. ఒక చుట్టలో దిశ మార్చుకొంటూ ప్రవహించే విద్యుత్తు నేలలోనికి అయస్కాంత క్షేత్రమును పంపుతుంది. ఆ క్షేత్రము లోహమును తాకితే, లోహములో సుడులు తిరిగే చిన్న విద్యుత్ప్రవాహములు పుడుతవి. అవి తమ వంతు క్షేత్రమును వెనుకకు పంపగా, రెండవ చుట్ట దానిని గ్రహించి ధ్వనిగా మార్చి చెవికి వినిపిస్తుంది.

ఈ విద్యకు ఆదిలో జరిగిన ఒక గాథ ఈ నాటి వెదకేవారికి కూడ పాఠమే. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డును ఒక హంతకుడు తుపాకితో కాల్చినాడు. గుండు శరీరములో ఎక్కడ ఉన్నదో వైద్యులు కనుగొనలేకపోయినారు. టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ లోహమును పసిగట్టే ఒక సాధనమును తయారుచేసి రోగి శయ్య వద్దకు తెచ్చినాడు. పరీక్షలలో చక్కగా పనిచేసిన ఆ సాధనము అక్కడ తికమకపడినది. కారణములు రెండు. రోగి పడుకొన్న పరుపులో ఉక్కుతీగలు ఉన్నవి. అదిగాక, గుండు కుడివైపున ఉన్నదని నమ్మిన ప్రధాన వైద్యుడు ఆ వైపు మాత్రమే వెదకనిచ్చినాడు. గుండు ఉన్నది ఎడమవైపున! సెప్టెంబరు 19న గార్ఫీల్డు మరణించినాడు. యంత్రములో లోపము లేదు. వెదికిన చోటు వేరు.

ఆ తరువాత జర్మనీ నుండి అమెరికాకు వలసవచ్చిన గెర్హార్డ్ ఫిషర్ 1937లో చేత పట్టుకొని నడువదగిన డిటెక్టరుకు పేటెంటు పొందినాడు. రెండవ ప్రపంచయుద్ధమున పోలండు సైనికాధికారి యూజెఫ్ కొసాట్స్కీ రూపొందించిన సాధనము 1942లో ఎల్ అలమీన్ ఎడారిలో మందుపాతరలను కనుగొనడానికి తోడ్పడినది. మృత్యువును వెదకడానికి పనికివచ్చిన ఆ విద్యయే నేడు పెండ్లి ఉంగరములను వెదకడానికి ఉపయోగపడుతున్నది.

యంత్రపు శక్తి ఎంతో, పరిమితి ఎంతో ముందుగానే తెలిసికొనుట మంచిది. అయస్కాంతము వలె అది లోహమును లాగదు. బంగారము అయస్కాంతమునకు అసలే అంటదు. పొదుగు లేని విడి వజ్రము ఎదుట యంత్రము మూగది. తెగని ఉంగరమో, నాణెమో స్పష్టముగా పలుకుతుంది. సన్నని గొలుసు మాత్రము ప్రతి కొక్కెము వేరు వేరుగా ఉండడము చేత చాల బలహీనముగా పలుకుతుంది. పుస్తె ఒకే రేకుతో చేసినది కనుక గొలుసు కంటె నయము. లోతు విషయమున జానెడు దాటితే చిన్న నగపై ఆశ సన్నగిల్లుతుంది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయము నుండి వచ్చిన నీరు తాపీ గట్లు దాటి సూరత్ నగరములో అధిక భాగమును ముంచెత్తినది. అటువంటి వరద వదలిన ఒండ్రు క్రింద మూరెడు లోతున చిక్కిన పుస్తెను చేతి యంత్రము పసిగట్టలేదు. పైగా దక్కను నల్లరాతి నుండి ఏర్పడిన ఆ ప్రాంతపు రేగడిలో ఇనుప ఖనిజము పాలు ఎక్కువ. నేల తానే పలుకుతూ నగ ధ్వనిని కప్పివేస్తుంది. అందుచేత ముందుగా నేల ధ్వనిని అణచే విధముగా యంత్రమును సరిచేసికొనవలెను.

రెండవ పుస్తె చెప్పే మాట

ఇక మన ఇల్లాలితో కలిసి వెదకుదాము. సాయంత్రము దీపము పెట్టినప్పుడు పుస్తెలను కండ్లకు అద్దుకొన్నట్లు ఆమెకు గుర్తు. తెల్లవారి స్నానపు వేళకు ఒకటి లేదు. ఈ రెండు గడియల నడుమ ఆమె నడిచిన దారియే వెదకవలసిన చోటు: ఇల్లు, సందు, ఆడిన స్థలము, పూలు విడిచిన రేవు, మరల ఇల్లు. మొదట ఇల్లే చూడవలెను. పడక దుప్పటి, విప్పిన చీర కుచ్చెళ్ళు, రవిక, స్నానాలగదిలోని తూము. అక్కడ దొరికితే యంత్రముతో పనియే లేదు.

ఇంటిలో లేదని తేలిన మీదట, ఆడిన స్థలమున నాలుగు మేకులు పాతి త్రాడు కట్టవలెను. ఆ చతురస్రమును చేనులో చాళ్ళవలె విభజించి, ఒక చాలు ముగిసిన తరువాతనే మరియొక చాలునకు పోవలెను. పళ్ళెమును నేలకు దగ్గరగా, సమముగా, నిదానముగా ఊపుతూ, ప్రతి ఊపు ముందటి ఊపును కొంత కప్పునట్లు నడువవలెను. తొందరపడి ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేసేవాడు వెదికిన చోటనే వెదకుతాడు, వెదకని చోటును వదలివేస్తాడు. వెదకేవారి బూట్లలో ఇనుము, చేతికి గాజులు ఉండరాదు. సూరతు జరీకి పేరుపొందిన ఊరు. జరీ చీర కట్టుకొని, కాలికి మెట్టెలతో ప్రక్కన నిలిచిన వారిని చూచి కూడ యంత్రము పలుకుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. సీసా మూతలు, సిగరెట్టు పెట్టెలలోని వెండిరంగు రేకులు బంగారమును పోలిన ధ్వనినే ఇస్తవి. బంగారము ధ్వని ఇది అని యంత్రమునకు ఎవరు నేర్పవలెను? ఆమె మెడలో మిగిలిన రెండవ పుస్తెయే నేర్పుతుంది. దానిని విప్పి, శుభ్రమైన నేలపై ఉంచి, పళ్ళెమును దానిపై పలుమార్లు త్రిప్పి, ఆ ధ్వనిని చెవికి పట్టించుకొనవలెను. తరువాత రెండు వ్రేళ్ళ లోతున పాతి మరల వినవలెను. పోయిన దాని గొంతును మిగిలిన జోడు ఆ విధముగా మనకు వినిపిస్తుంది. ఆ పైన అటువంటి ధ్వని వచ్చిన ప్రతి చోటును త్రవ్వవలెను. పది చోట్ల తొమ్మిదింట చెత్తయే దొరకవచ్చును. ఆ చెత్తను మరల అక్కడనే పారవేయక సంచిలో వేసికొని, గుంటను పూడ్చి పోవుట వెదకేవారి మర్యాద.

దొరికినది ఎవరిది?

యంత్రము చేతికి వచ్చిన వానికి ఆశ కూడ వస్తుంది. కనుక న్యాయము మాట కూడ చెప్పుకొనవలెను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఇతరుల వస్తువు దొరికి దానిని స్వాధీనము చేసికొన్నవాడు, తనకు నమ్మి అప్పగించిన వస్తువును కాపాడినట్లే దానిని కాపాడవలెను. వెదకిన శ్రమకై యజమానిపై దావా వేసే హక్కు అతనికి లేదు; కాని తగిన ప్రతిఫలము ముట్టేవరకు వస్తువును ఉంచుకొనవచ్చును. యజమాని బహుమానము ప్రకటించి ఉంటే దానికై దావా కూడ వేయవచ్చును. యజమాని ఎవరో తెలిసి, లేక తెలిసికొనే మార్గము ఉండి, దురుద్దేశముతో సొంతము చేసికొంటే అది నేరము. 1860 నాటి శిక్షాస్మృతి ఆ మాటే చెప్పినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలుకు వచ్చిన భారతీయ న్యాయ సంహితయు అదే చెప్పుతున్నది.

నేలలో దాచిన నిక్షేపము సంగతి వేరు. 1878 నాటి నిక్షేపముల చట్టము పది రూపాయల విలువకు మించి దొరికిన దానిని కలెక్టరుకు వ్రాతపూర్వకముగా తెలియజేయవలెనన్నది. రక్షిత పురాతన కట్టడముల ఆవరణలో అనుమతి లేని త్రవ్వకము కూడదు. డిటెక్టరు పట్టుకొని పాత కోటల వెంట తిరగాలని ముచ్చటపడే యువకులు ఈ రెండింటిని మరువరాదు.

మన ఇల్లాలికి ఆమె పుస్తె దొరికినదా? పూలతో పాటు నీటిలో జారి ఉంటే యంత్రము వ్యర్థము. ఆడిన స్థలములో రాలి, ఎవరి కంటను పడక, గడ్డివేళ్ళ నడుమ రెండంగుళముల లోతున ఉంటే, ఓపికతో చాలు తప్పక నడిచినవారికి చిక్కే అవకాశము మెండు. ఎవరి కంటనైనా పడి ఉంటేనో, అది యంత్రము వెదకగలిగినది కాదు. ఆ మనిషి మనస్సాక్షియే వెదకి తేవలెను.

పోగొట్టుకొన్న చోటనే వెదకవలెనని పెద్దలు ఊరక అనలేదు. యంత్రము నేలలోని లోహమును చూపగలదు గాని, పోయిన చోటును మన జ్ఞాపకమే చూపవలెను. అందుచేత మీ ఇంట ఏ వస్తువైనా పోయిన నాడు చీపురు పట్టుకొనక ముందే, జనమును పిలువక ముందే, ఒక నిమిషము కూర్చుండి ఆలోచించండి. మీకు ఎవరిదైనా దొరికిన నాడు, మెడలో పసుపుకొమ్ముతో ఎదురుచూచే ఒక ఇల్లాలిని తలచుకోండి.