తెరుచుకోని తలుపుల నవలలు

సైన్స్ ఫిక్షన్ అంటే రాకెట్టు, ఫాంటసీ అంటే మాంత్రికుడు గుర్తుకొచ్చే అలవాటు మనకింకా పోలేదు. గత ఐదారేళ్ళలో ఇంగ్లీషులో వచ్చిన మంచి నవలలు, ముఖ్యంగా భారత ఉపఖండం నుంచి వచ్చినవి, కాస్త వరసగా చదివితే ఆ రెండూ వెనక్కి జరిగి మరో వస్తువు ముందుకొచ్చినట్టు కనిపిస్తుంది. అది తలుపు. ఎవరిని లోపలికి రానిస్తారు, ఎవరిని గడప దగ్గరే ఆపుతారు, ఆ తలుపును ఎవరి శ్రమ నిలబెడుతోంది, దాని తాళం ఎవరి దగ్గరుంది అన్న ప్రశ్నల చుట్టూ ఈ నవలలు తిరుగుతున్నాయి. వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఉంటున్న తెలుగువాళ్ళకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు. అందుకే ఈ నవలలను కాలక్షేపం అరలోంచి తీసి, మన కాలపు వాస్తవిక సాహిత్యంగా చదవాలని నా వాదన.

ముందు ఆ ఊరి సంగతి. 2020 జనగణన ప్రకారం ఆష్‌బర్న్ జనాభా 46 వేల పైచిలుకు. అది ఉన్న లౌడన్ కౌంటీలో మాత్రం దాదాపు 200 డేటా సెంటర్లున్నాయి. వాటి విస్తీర్ణం నాలుగు కోట్ల చదరపు అడుగులు దాటింది. అవి పక్కపక్కనే బారులు తీరిన ఈ ప్రాంతానికి ‘డేటా సెంటర్ ఆలీ’ అని పేరు. ఒకప్పుడు ఇవన్నీ పొలాలు. 1990లలో తొలినాటి ఇంటర్నెట్ కూడళ్ళలో ఒకటి ఈ చుట్టుపక్కలే వెలిసింది. ఏఓఎల్ కంపెనీ డల్లెస్ విమానాశ్రయం పక్కకు వచ్చింది. ఆ దశాబ్దం చివర ఈక్వినిక్స్ ఆష్‌బర్న్‌లో తన కేంద్రం తెరిచింది. భూమిలో ఫైబర్ కేబుళ్ళు, అందుబాటు ధరలో కరెంటు, యంత్రాల మీద రాష్ట్రం ఇచ్చిన పన్ను మినహాయింపు, ఇవన్నీ కలిసొచ్చాయి. కిటికీలు లేని ఈ భవనాల్లో చాలావాటికి పేరు చెప్పే బోర్డు కూడా ఉండదు. మనం ‘క్లౌడ్’ అని పిలుచుకునేది నిజానికి ఇలా నేలమీద, కాంక్రీటు గోడల మధ్య, డీజిల్ జనరేటర్ల కాపలాలో ఉంది. డేటా సెంటర్ల గిరాకీకి అడ్డేమీ లేకపోతే పదేళ్ళలో వర్జీనియా విద్యుత్ అవసరం రెట్టింపవుతుందని రాష్ట్ర శాసనసభకు చెందిన పరిశీలక సంఘం 2024 డిసెంబరులో లెక్కగట్టింది. 2025 మార్చిలో లౌడన్ సూపర్‌వైజర్ల బోర్డు, కొన్ని జోన్లలో బహిరంగ విచారణ లేకుండానే డేటా సెంటర్ కట్టుకునే హక్కును తీసేసింది.

ఇప్పుడు మొదటి తలుపుగా ఆర్. ఎఫ్. క్వాంగ్ నవల ‘బేబెల్’ (2022) తెరవండి. అది 1830ల నాటి ఆక్స్‌ఫర్డ్, కాకపోతే చరిత్రను కొంచెం మార్చి కట్టిన ఆక్స్‌ఫర్డ్. వెండి కడ్డీల మీద రెండు భాషల మాటలు చెక్కితే వాటి మధ్య జారిపోయిన అర్థం శక్తిగా మారుతుంది. ఆ శక్తితోనే బ్రిటిష్ ఓడలు, రైళ్ళు నడుస్తుంటాయి, వంతెనలు నిలబడుతుంటాయి. అన్నిటికీ మూలం ఒకే ఒక్క గోపురం. దాన్ని నడిపేది వలస దేశాల నుంచి తెచ్చిన కుర్రాళ్ళు: క్యాంటన్ నుంచి వచ్చిన రాబిన్, కలకత్తా నుంచి వచ్చిన రమీ. వాళ్ళ భాషలు సామ్రాజ్యానికి కావాలి, వాళ్ళు మాత్రం అక్కర్లేదు. (నవల చదవబోయేవారు తర్వాతి వాక్యం వదిలేయవచ్చు.) గోపురంలో సమ్మె జరిగి, కడ్డీలకు మరమ్మతు ఆగిపోయేసరికి లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ వంతెనే కూలిపోతుంది. ఇది అతిశయోక్తి అనిపిస్తే 2025 అక్టోబరు 20 గుర్తుచేసుకోండి. ఉత్తర వర్జీనియాలోని అమెజాన్ సర్వర్ల సముదాయంలో ఒక డేటాబేస్ సర్వీసుకు చెందిన చిరునామాల పట్టిక తప్పిపోయింది. స్నాప్‌చాట్, సిగ్నల్, వెన్మో, ఇంకా ఎన్నో సేవలు ప్రపంచమంతటా గంటల తరబడి తడబడ్డాయి. ఎక్కడో లండన్‌లో ఒకరి ఫోన్‌లో యాప్ పనిచేయకపోవడానికి కారణం ఇక్కడి గోడల వెనక ఉంది. క్వాంగ్ నవల రాసినప్పుడు ఈ ఊరు ఆమె మనసులో ఉందని నేననను. ప్రపంచం ఒకటి రెండు చోట్ల ముడిపడి, ఆ ముడి ఎవరికీ కనిపించకపోవడం ఎలాంటి ప్రమాదమో చెప్పడానికి ఫాంటసీ ఎంత చక్కని పనిముట్టో మాత్రం అంటాను. ఒక పత్రికా కథనం ఆ రోజు సర్వర్ ఆగిందని చెబుతుంది. ఆ గోపురంలో పనిచేసే కుర్రాడు మనసులో ఏమనుకుంటాడో చెప్పడానికి నవల కావాలి.

రెండో తలుపు లావణ్య లక్ష్మీనారాయణ్ ‘ద టెన్ పర్సెంట్ థీఫ్’లో ఉంది. 2020లో భారతదేశంలో ‘అనలాగ్/వర్చువల్’ పేరుతో వచ్చి, 2023లో కొత్త పేరుతో విదేశాల్లో వెలువడి, 2024లో ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు తుది జాబితాకెక్కింది. ఒకప్పటి బెంగళూరు ఇందులో ‘ఎపెక్స్ సిటీ’. బెల్ కార్పొరేషన్ అనే కంపెనీ దాన్ని ఏలుతుంది. మనుషుల్ని పనితనం బట్టి ఒక వక్రరేఖ మీద పేరుస్తారు: పైన ఇరవై శాతం, నడుమ డెబ్బై, అడుగున పది. అడుగుకి జారినవాళ్ళని విద్యుత్ కంచె అవతలకు, యంత్రాల సౌఖ్యం లేని ‘అనలాగ్’ బతుక్కి తోసేస్తారు. ఏడాది చివర అప్రైజల్ మీటింగులో కూర్చున్న ఏ ఐటీ ఉద్యోగికైనా ఈ లెక్క వివరించక్కర్లేదు. హైదరాబాద్ మాదాపూర్ నుంచి ఆష్‌బర్న్ దాకా అందరికీ అది తెలిసిన భాషే. రచయిత్రి గేమ్ డిజైనర్‌గా పనిచేశారు. మార్కుల కోసం మనుషులు ఎంత దూరం వెళ్తారో ఆమెకు లోపలినుంచి తెలుసు. భయపెట్టే విషయమేమిటంటే ఆ నగరంలో ఎక్కువమంది సంతోషంగానే ఉంటారు. తాము డెబ్బైలో ఉన్నామన్న ధైర్యం, ఇరవైలోకి వెళ్తామన్న ఆశ వాళ్ళను కదలనివ్వవు. కంచె ఉందని అందరికీ తెలుసు, అది తమ కోసం కాదని అందరి నమ్మకం.

మూడో తలుపు దగ్గర వాదన ఇంకా పదునెక్కుతుంది. ప్రశాంత్ శ్రీవత్స తొలి నవల ‘ద స్పైస్ గేట్’ (2024)లో ఎనిమిది రాజ్యాలు, వాటిని కలిపే మాయద్వారాలు ఉంటాయి. ఒంటిమీద పుట్టుమచ్చలాంటి గుర్తుతో పుట్టినవాళ్ళే ఆ ద్వారాలు దాటగలరు. దాటిన ప్రతిసారీ ఒళ్ళు కాలినంత బాధ. సుగంధద్రవ్యాల వ్యాపారమంతా వాళ్ళ వీపుల మీద నడుస్తుంది, అయినా ఊళ్ళో వాళ్ళది వెలివాడే. ద్వారం దాటగలిగే శక్తి వాళ్ళకు వరం కాలేదు, చాకిరీ అయింది. ఇది కులం గురించిన నవల అని వేరే చెప్పక్కర్లేదు. దీని పక్కన కొలంబో రచయిత వజ్ర చంద్రశేఖర ‘ద సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్’ (2023) పెట్టండి. దీనికి నెబ్యులా అవార్డు వచ్చింది. లూరియట్ నగరంలో చాలాకాలం మూసి ఉంచిన తలుపులు ఇక ఎప్పటికీ తెరుచుకోని ‘వెలుగు తలుపులు’గా మారిపోతాయి. కథానాయకుడు ఫెటర్‌ను తల్లి పెంచినదే మహాప్రవక్త అయిన తండ్రిని చంపడానికి. అతను మాత్రం ఆ విధిని వదిలేసి పట్నం చేరి, అందరిలాగా బతుకుదామనుకుంటాడు. అక్కడ అతనికి ఎదురయ్యేవి రాక్షసులకంటే ఎక్కువగా ఆఫీసులు, గుర్తింపు పత్రాలు, జాతుల వర్గీకరణలు, క్వారంటైన్ శిబిరాలు. ఇటీవల నేను చదివినవాటిలో అన్నిటికంటే గొప్ప నవల ఇదే. అన్నిటికంటే కష్టమైనదీ ఇదే.

ఆష్‌బర్న్‌లో తెలుగు కుటుంబాల కబుర్లలో తప్పనిసరిగా వచ్చే మాటలు కొన్నున్నాయి: లాటరీ, స్టాంపింగ్, ప్రయారిటీ డేట్. ఏడాదికి 65 వేల హెచ్-1బి ఉద్యోగ వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకు మరో 20 వేలు. ఉద్యోగాల కోటాలో గ్రీన్ కార్డులైతే ఏ ఒక్క దేశానికీ సాధారణంగా ఏడు శాతం మించకూడదన్న నియమం. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. యంత్రాల లోపలికి వెళ్ళే పాస్‌వర్డ్ చేతిలో ఉండి, దేశం లోపల నిలకడగా ఉండే హామీ చేతిలో లేని మనిషి ఫెటర్‌కు దూరపు చుట్టం. కానీ ఇక్కడే ఆగితే ఆ నవలల్ని సగమే చదివినట్టు. అదే కుటుంబం ఖరీదైన ఇంట్లో ఉంటుంది. మంచి స్కూలు హద్దు మారుతుందంటే అభ్యంతరం చెబుతుంది. కొన్ని చోట్ల పెళ్ళి సంబంధం దగ్గర కులం గీత మళ్ళీ గీస్తుంది. ‘స్పైస్ గేట్’లో మోసేవాడి వీపూ మనదే, సుగంధద్రవ్యాలు కొనుక్కునే చేయీ మనదే. బాధితులుగా మాత్రమే చూసుకునే సౌకర్యాన్ని ఈ నవలలు మనకివ్వవు. వలస జీవితం మీద వచ్చే మామూలు కథలకంటే ఇవి నాకు నిజాయితీగా కనిపించడానికి కారణం అదే.

ఇక అభ్యంతరాలు. ఇవన్నీ మన పురాణాల్లో, కథల్లో లేనివా అని మొదట అడుగుతారు. కల్పనకు మనకేం లోటు లేదు. పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో ఇంకా జరగని కథను బ్రహ్మ చేత సరస్వతికి జరిగినట్టుగా చెప్పించాడు, కాలంతో ఆ ఆట నేటి టైమ్ ట్రావెల్ రచయితలు చూసి అసూయపడాల్సినది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ మొదలుకొని ‘మాయాసరోవరం’, ‘భల్లూక మాంత్రికుడు’ దాకా రాసిన సీరియల్స్ రెండు తరాలకు అద్భుతరసం పాలు పట్టాయి. విశ్వనాథ ‘హాహాహూహూ’లో గుర్రపు తల గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడితే, అతను మనిషా జంతువా తేల్చుకోలేక పండితులు తలలు పట్టుకుంటారు. పరాయిదేశంలో దిగినవాణ్ణి ఏ గడిలో వేయాలన్న చిక్కు మీద అంతకంటే చురుకైన వ్యంగ్యం ఈనాటికీ అరుదు. కానీ ఈ సంప్రదాయంలో ఎక్కువ భాగం తలుపును వీరుడి పరీక్షగా చూసింది. ‘పాతాళ భైరవి’ (1951)లో తోట రాముడు సాహసం చేస్తాడు, తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపు అక్కడ ఎందుకుందని ఎవరూ అడగరు. ‘కల్కి 2898 ఏ.డి.’ (2024) ఆ ప్రశ్న దాకా వచ్చింది: కాశీ మీద వేలాడే ‘కాంప్లెక్స్’, లోపలికి వెళ్ళాలంటే పది లక్షల యూనిట్లు. అద్భుతమైన ఊహ. తీరా కథ ముదిరేసరికి ఆ ఆర్థిక ప్రశ్నను అవతార పురుషుడికి అప్పగించి సినిమా పక్కకు తప్పుకుంది. కొత్త నవలలు అవతారాన్ని నమ్మవు. చంద్రశేఖర అయితే ప్రవక్త కొడుకునే కథానాయకుణ్ణి చేసి, ఆ నమ్మకాన్ని లోపలినుంచి విప్పేస్తాడు.

రెండో అభ్యంతరం బలమైనది: ఇవి నవలలా, ఉపన్యాసాలా? దీన్ని కొట్టిపారేయలేం. ‘బేబెల్’లో పాఠకుడికి అర్థం కాదేమోనన్న అనుమానంతో రచయిత్రి చెప్పిందే మళ్ళీ చెబుతుంది, అధస్సూచికల్లో కూడా వేలు చూపిస్తుంది. ‘టెన్ పర్సెంట్ థీఫ్’ కథల గొలుసు కావడంతో ఒక మనిషితో స్నేహం కుదిరేలోగా ఆ మనిషి వెళ్ళిపోతాడు. ‘స్పైస్ గేట్’ మధ్యలో సాగుతుంది. అయితే సందేశం ఎక్కువైందన్న నేరం సామాజిక నవల పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. ‘మాలపల్లి’ మీద ఆ మాట రాలేదా? చూడాల్సింది సందేశం ఉందా అన్నది కాదు, మనుషులు దాని కింద నలిగిపోయారా అన్నది. ఆ కొలతకు ఎస్. బి. దివ్య ‘మెషిన్‌హుడ్’ (2021) బాగా నిలుస్తుంది. 2095లో మాత్రలు మింగి యంత్రాలతో పోటీపడే మనుషుల కథలో, చెన్నైలో ఇల్లూ పరిశోధనా రెండూ నెట్టుకొచ్చే నిత్య అనే ఇల్లాలు బాంబులకంటే ఎక్కువ గుర్తుండిపోతుంది.

ఇవన్నీ ఇంగ్లీషువి, పాశ్చాత్య అవార్డుల కోసం వండినవి అన్నది మూడో మాట. కొంత నిజం ఉండొచ్చు. దానికి జవాబు ఇంగ్లీషు పుస్తకాన్ని పక్కన పెట్టడం కాదు, తెలుగులో రాయడం. యండమూరి ‘చీకట్లో సూర్యుడు’, ‘యుగాంతం’, మైనంపాటి భాస్కర్ ‘బుద్ధిజీవి’ వారపత్రికల రోజుల్లోనే లక్షల పాఠకుల్ని ఈ దారికి తెచ్చాయి. కాలిఫోర్నియాలో కంప్యూటర్ సైన్స్ చెప్పిన వేమూరి వేంకటేశ్వరరావు సైన్సు కథలు తెలుగులోనే రాశారు. ఆ దారి మూసుకుపోలేదు, నడిచేవాళ్ళు తగ్గారు. అమెరికా తెలుగు కథ ఇప్పటికీ ఎక్కువగా విమానాశ్రయంలో వీడ్కోళ్ళు, అమ్మానాన్నల ఒంటరితనం, పిల్లల తెలుగు చుట్టూనే తిరుగుతోంది. అవి అవసరమైన కథలే. కానీ అర్ధరాత్రి పేజర్ మోగితే లేచి, సగం ప్రపంచాన్ని మళ్ళీ నిలబెట్టి, పొద్దున వీసా ఆఫీసు వెబ్‌సైట్ తెరిచి చూసుకునే మనిషి కథ తెలుగులో రావాలి. దాన్ని రాయగలిగినవాళ్ళు ఆ భవనాల్లోనే పనిచేస్తున్నారు.

చదవాలనుకునేవారికి ఒక మాట. ‘టెన్ పర్సెంట్ థీఫ్’తో మొదలుపెట్టండి, అధ్యాయాలు పొట్టివి, పరిసరాలు తెలిసినవి. తర్వాత ‘మెషిన్‌హుడ్’. ఓపికుంటే ‘బేబెల్’. ‘సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్’ చివరికి ఉంచుకోండి, మొదటి యాభై పేజీల్లో దారి తప్పినట్టుంటే కంగారుపడకండి. ఆష్‌బర్న్‌లో, పక్కనే బ్రాంబుల్టన్‌లో కౌంటీ లైబ్రరీలున్నాయి. అడిగిన పుస్తకం అరలో లేకపోతే తెప్పించమని కోరండి. తెలుగు పేర్లతో అలాంటి అభ్యర్థనలు నాలుగు అందితే ఆ అర దానంతటదే పెరుగుతుంది.