తేలుకి గీత గీస్తే ఆగుతుందా?

అత్తయ్యగారు కర్నూలు నుంచి సింగపూర్‌లోని పాసిర్ రిస్ వచ్చిన వారానికే మా గుమ్మం బయట పసుపూ వేపాకు పొడీ కలిపి ఓ గీత గీశారు. ఎవరో వాట్సాప్‌లో తేలు ఫోటో పెట్టారట. సాయంత్రం వాన జల్లు వరండాలోకి కొట్టింది. గీత ముద్దై, చెప్పుల స్టాండు కింద నుంచి నా మడమకి అంటుకుని ఇల్లంతా తిరిగింది.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. మన వైపు ఎర్ర తేలు విషం గుండెనీ ఊపిరితిత్తులనీ పట్టేస్తుంది, పిల్లలకి మరీ ప్రమాదం. మహారాష్ట్రలోని మహాడ్‌లో వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ బీపీకి వాడే ప్రాజోసిన్ మాత్రతో ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. 2022లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. సింగపూర్‌లో ఆ ఎర్ర తేలు లేదు. ఇక్కడి అడవుల్లో కనిపించే పెద్ద నల్లది మన మండ్రగబ్బకి చుట్టం. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది గానీ, కుడితే మామూలుగా నొప్పీ వాపుతో పోతుంది. ఆయాసం, వాంతులు, ఒళ్ళంతా చెమటలు వస్తే మాత్రం ఇక్కడ 995కి, మన దగ్గర 108కి ఫోన్ చెయ్యాల్సిందే.

ఇక పొడుల సంగతి. పసుపు, దాల్చినచెక్క లాంటి వాటి బలం చాలావరకు ఘాటులోనే ఉంది. ఆ ఘాటు గాలిలో కలిసిపోయాక మిగిలేది పిండే. కడుపు కింద ఉండే దువ్వెనల్లాంటి అవయవాలతో తేలు నేలని తడిమి చూస్తుంది కాబట్టి పొడి ఉందని దానికి తెలుస్తుంది. తెలిసినంత మాత్రాన వెనక్కి తిరగాలనేముంది?

కాస్త పని చేసేది డయాటమేషియస్ ఎర్త్. నీళ్ళలో బతికే డయాటమ్‌లనే సూక్ష్మజీవుల పెంకులు లక్షల ఏళ్ళపాటు పేరుకుని ఏర్పడిన సుద్దలాంటి పొడి ఇది. ఇందులో విషం లేదు. పురుగు ఒంటి మీద ఉండే పల్చటి మైనపు పూతని పీల్చేస్తుంది, గీరేస్తుంది. ఒంట్లో తేమ నిలవక పురుగు ఎండి చస్తుంది. బొద్దింకకీ చీమకీ ఇది సరిపోతుంది. తేలు దగ్గరే చిక్కు. ఎడారుల్లో కూడా ఒంట్లో నీటిని పొదుపుగా దాచుకునే జీవి అది, తిండి లేకుండా నెలలు గడిపేస్తుంది. పైగా ఈ పొడి పొడిగా ఉంటేనే పని చేస్తుంది. గాలిలో తేమ సగటున 80 శాతం దాటే ఊళ్ళో, సముద్రం పక్కన, వరండాలో చల్లితే ఎన్నాళ్ళు ఉంటుంది? వాన తగలని స్విచ్‌బోర్డు వెనకా, సింకు కింద పైపు దూరే కంతలోనూ పల్చగా, కంటికి కనీకనపడనట్టు వేస్తే ఫలితం ఉంటుంది. కుప్ప పోస్తే పురుగులు పక్కనుంచి నడిచిపోతాయి. స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లకి అమ్మే రకం మాత్రం వద్దు. దాన్ని కాలుస్తారు కాబట్టి స్ఫటిక రూపంలోని సిలికా ఎక్కువ, ఊపిరితిత్తులకి చేటు.

క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరూ ప్రకృతి నుంచి వచ్చిందే, అలాగని నిరపాయం కాదు. పురుగు కడుపులోకి పోతేనే అది చంపుతుంది. వేటాడి తినే తేలు పొడి నాకదు, పాకే పసిపిల్లాడు నాకుతాడు. పాత రోజుల్లో మన ఇళ్ళలో చల్లిన గమేక్సిన్ ఇంకా ఘోరం. అందులోని బీహెచ్‌సీని 1997లో మన దేశంలో నిషేధించారు.

కాబట్టి పొడి తేలుకి కాదు, తేలు తిండికి. బొద్దింకలు తగ్గితే తేలుకి మన గుమ్మంతో పని ఉండదు. వరండా కుండీలని గోడకి ఎడంగా జరపాలి, తడి అట్టపెట్టెలు తీసేయాలి, తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ బిగించాలి. ఇక్కడి ఫ్లాట్లలో ఉండే బాంబ్ షెల్టర్ గదిలో ఏళ్ళ తరబడి కదపని సూట్‌కేసులుంటే ఓసారి దులపాలి.

అతినీలలోహిత కాంతి పడితే తేలు నీలిపచ్చగా మెరుస్తుంది. అలాంటి టార్చి ఒకటి కొని, ఆ రాత్రి దీపాలార్పి అత్తయ్యగారితో కలిసి వరండా అంతా వెతికాను. తేలు లేదు. టైల్సు సందుల్లో మిగిలిన ఆవిడ పసుపు మాత్రం నిమ్మపండు రంగులో వెలిగింది.