కాయా, దోరా, పండా?

తెలుగులో మామిడికాయ వేరు, మామిడిపండు వేరు. కాయతో పప్పు చేస్తాం, ఆవకాయ పెడతాం. పండును రసం పిండుకుంటాం. రెంటికీ రెండు పేర్లున్నాయి గానీ, గడ్డిలో మాగేసిన కాయ ఏ పూట, ఏ గంటకు పండవుతుందో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. చెప్పలేకే మధ్యలో ‘దోర’ అనే మాట పెట్టుకున్నాం. దాంతో చిక్కు తీరకపోగా ఒకటి రెండైంది: కాయ ఎప్పుడు దోరకొచ్చింది? దోర ఎప్పుడు పండింది?

ఇంకో మాట చూడండి. ‘మీ ఊరు ఇక్కణ్ణుంచి ఎంత దూరం?’ అంటే ‘నాలుగైదు కిలోమీటర్లుంటుందండీ’ అంటారు. ఇదీ ఉజ్జాయింపు మాటే. కానీ ఇది దోర లాంటిది కాదు. ఆ దూరం ఎంతో ఒక అంకె ఉంది. 4.3 కావచ్చు, 4.8 కావచ్చు. చెప్పేవాడికి తెలియదు, అంతే. బండి మీటరు చూసుకుంటూ వెళ్తే తేలిపోతుంది. మామిడి విషయంలో తేల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. కాయ చేతిలోనే ఉంది. నొక్కి చూశాం, వాసన చూశాం, ముక్క కోసుకుని తిన్నాం. అయినా అది కాయా, పండా అన్న వాదన తెగదు. ఎందుకంటే ఆ మాటకే గట్టు లేదు.

కంప్యూటర్ శాస్త్రంలో ఈ రెండు రకాల ఉజ్జాయింపులకూ రెండు వేర్వేరు గణితాలున్నాయి. చిత్రంగా రెండూ ఇంచుమించు ఒకే కాలంలో, కాలిఫోర్నియాలోనే రూపు దిద్దుకున్నాయి. రామన్ మూర్ అనే గణితవేత్త 1962లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసి, 1966లో ‘ఇంటర్వెల్ ఎనాలిసిస్’ అనే పుస్తకం వేశాడు. దానికి ఏడాది ముందు, 1965లో, బర్క్‌లీలో పాఠాలు చెప్పే లోట్ఫీ జాదే ‘ఫజీ సెట్స్’ అనే వ్యాసం ప్రచురించాడు. బాకూలో పుట్టినవాడాయన. వీటిని కలిపి ఒకే గాటన కట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడే తిరకాసు మొదలవుతుంది.

ముందు మూర్ సంగతి. ఇంటర్వెల్ అనగానే మనకు సినిమా మధ్యలో సమోసాలు గుర్తొస్తాయి గానీ, ఇక్కడ దానర్థం ‘ఇంతకు తగ్గదు, ఇంతకు మించదు’ అని. గదికి టైల్స్ వేయించాలనుకోండి. టేపు పట్టిన కుర్రాడు పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు అన్నాడు. టేపు వదులుగా ఉందేమో, గోడ వంకరేమో, పదో వంతు అడుగు అటూఇటూ పోవచ్చు. అప్పుడు పొడవు 11.9 నుంచి 12.1 దాకా, వెడల్పు 9.9 నుంచి 10.1 దాకా. చిన్నవి రెండూ హెచ్చవేస్తే 117.81, పెద్దవి రెండూ హెచ్చవేస్తే 122.21. గది వైశాల్యం ఈ రెండింటి మధ్యే ఉంటుంది. ‘120 చదరపు అడుగులు’ అన్న ఒంటి అంకెలో ధీమా ఉంది, నిజాయితీ లేదు. 122కి మించి ఓ పెట్టె కొనుక్కోవాలని చెప్పేది ఈ రెండంకెల జవాబే.

ఆ ధీమా ఖరీదెంతో 1991 ఫిబ్రవరి 25న తెలిసింది. గల్ఫ్ యుద్ధంలో, సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో, అమెరికా సైనికులు ఉంటున్న బ్యారక్ మీద ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణి పడి 28 మంది చనిపోయారు. దాన్ని గాల్లోనే అడ్డుకోవాల్సిన పేట్రియాట్ వ్యవస్థ అసలు బాణమే వదల్లేదు. దాని గడియారం సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెడుతుంది. పదో వంతు మనకు శుభ్రంగా 0.1. కంప్యూటర్ వాడే సున్నా ఒకట్ల లెక్కలో మాత్రం అది మన మూడో వంతు లాగా ఎడతెగదు. అందుకని 24 బిట్ల దగ్గర తోక కోసేశారు. ఆ కోతలో పోయింది సెకనులో కోటో వంతు కూడా కాదు. కానీ యంత్రం ఆపకుండా 100 గంటలు నడిచింది, అంటే 36 లక్షల సార్లు లెక్కపెట్టింది. పోగుపడ్డ తేడా 0.34 సెకను. ఆ కాస్త వ్యవధిలో స్కడ్ అర కిలోమీటరుకు పైగా వెళ్లిపోతుంది. రాడార్ చూడాల్సిన చోట చూడలేదు. సరిచేసిన ప్రోగ్రాం దహ్రాన్ చేరింది ఆ మర్నాడు.

అదే కాలాన్ని ‘ఇంత నుంచి ఇంత దాకా’ అని రెండంకెలుగా మోసుకొచ్చి ఉంటే, ఆ సందు గంటగంటకూ వెడల్పవుతూ, మూడో వంతు సెకను నమ్మకం పోయిందని తనంతట తానే చెప్పేది.

ఇంటర్వెల్ లెక్కకు తన పిచ్చి తనకుంది. ట్యాంకులో 400 నుంచి 500 లీటర్ల మధ్య నీళ్లున్నాయనుకుందాం. మొత్తం వదిలేశాం. ఎన్ని మిగిలాయి? సున్నా. కానీ మూర్ నియమం ప్రకారం తీసివేస్తే జవాబు ‘మైనస్ 100 నుంచి ప్లస్ 100 దాకా’ అని వస్తుంది. ట్యాంకులో ఉన్న నీళ్లూ, వదిలిన నీళ్లూ ఒకటేనన్న సంగతి ఆ లెక్కకు తెలియదు పాపం. పెద్ద సమీకరణాల్లో ఒకే రాశి పది చోట్ల వస్తే జవాబు ఇలాగే ఉబ్బిపోతుంది. ‘రేపు ఉష్ణోగ్రత సున్నాకూ వందకూ మధ్య ఉంటుంది’ అన్నట్టు, నిజమే గానీ ఎందుకూ పనికిరాదు. ఆ సందును ముక్కలు చేసి ఒక్కో ముక్కకూ విడిగా లెక్కకట్టడం ఒక విరుగుడు. ఈ రంగంలో అరవై ఏళ్ల పరిశోధనలో పెద్ద భాగం ఆ ఉబ్బు తగ్గించడానికే. తగ్గిన చోట ఫలితం గట్టిది. 1963లో వాతావరణ శాస్త్రవేత్త లోరెంజ్ కంప్యూటర్‌లో చూసిన సీతాకోకచిలుక ఆకారపు వింత నిజంగా ఉందా, గుండ్రం చేసిన అంకెల మాయా అన్న అనుమానాన్ని వార్విక్ టకర్ ఈ పద్ధతితోనే, పక్కా రుజువుతో తీర్చాడు.

ఇక దోర దగ్గరికొద్దాం. జాదే చేసింది చెప్పడానికి చాలా చిన్న పని. ‘ఇది పండేనా?’ అన్న ప్రశ్నకు అవును, కాదు అని రెండే జవాబులెందుకు, సున్నా నుంచి ఒకటి దాకా ఎంతైనా చెప్పనివ్వండి అన్నాడు. పచ్చి కాయకు సున్నా, రసాలూరే పండుకు 1, దోరకు 0.6.

ఇది యంత్రంలో ఎలా పనిచేస్తుందో ఫ్యాను మీద చూద్దాం. 28 డిగ్రీల దగ్గర ‘వేడి’ సున్నా, 36 దగ్గర ఒకటి, మధ్యలో మెల్లగా పెరుగుతుందని పెట్టుకుందాం. ‘ఓ మోస్తరు’ అన్నది దానికి తలకిందులు. నియమాలు రెండే: వేడిగా ఉంటే రెగ్యులేటర్ 5లో పెట్టు, ఓ మోస్తరుగా ఉంటే 3లో పెట్టు. ఇప్పుడు గదిలో 34 డిగ్రీలుంది. వేడి 0.75, ఓ మోస్తరు 0.25. రెండు నియమాలూ తమ తమ పాళ్లలో పనిచేస్తాయి. 0.75 ఐదులు, 0.25 మూడులు కలిపితే 4.5. ఉష్ణోగ్రత ఒక గీత దాటగానే ఫ్యాను ఉలిక్కిపడినట్టు ఎగరదు, మెల్లగా పుంజుకుంటుంది. 1970ల నడుమ లండన్‌లో ఇబ్రహీం మమ్దానీ ఒక చిన్న ఆవిరి యంత్రాన్ని ఇలాంటి మాటల నియమాలతో నడిపి చూపించాడు. 1987లో మొదలైన జపాన్‌లోని సెండాయ్ మెట్రో రైళ్లు కుదుపు లేకుండా ఆగడం ఈ పద్ధతి చలవే. ఆ తర్వాత వాషింగ్ మెషీన్ల మీద ‘ఫజీ లాజిక్’ స్టిక్కర్లు వెలిశాయి. వాటిలో కొన్నింట్లో ఉన్నదానికన్నా స్టిక్కరే పెద్దదని నా అనుమానం.

చాలామంది తడబడేది ఇక్కడ: 0.6 అంటే 60 శాతం సంభావ్యతేగా అంటారు. కాదు. మూత వేసిన బుట్టలో పది మామిళ్లున్నాయి, ఆరు పండ్లు, నాలుగు కాయలు. చెయ్యి పెట్టి ఒకటి తీస్తే పండు వచ్చే సంభావ్యత 0.6. తీసి చూశాక ఆ అంకె మాయమవుతుంది, వచ్చింది పండో కాయో తేలిపోతుంది. దోరకాయను ఎన్నిసార్లు తిప్పి చూసినా 0.6గానే ఉంటుంది.

జాదేను అందరూ నెత్తిన పెట్టుకోలేదు. ఆయన పనిచేసిన బర్క్‌లీలోనే విలియం కహాన్ ఫజీ లాజిక్‌ను ఘాటుగా తప్పుబట్టాడు. 1985లో కంప్యూటర్ అంకెలకు అంతర్జాతీయ ప్రమాణం రూపొందడంలో ప్రధాన పాత్ర ఆ కహాన్‌దే. కావాలంటే కిందికి, కావాలంటే పైకి గుండ్రం చేసే వీలు ఆ ప్రమాణంలో ఉంది. ఇంటర్వెల్ లెక్కకు ప్రాణం అదే. కింది అంచును కిందికీ, పై అంచును పైకీ జరిపితేనే నిజం సందులోంచి జారిపోదు.

విడివిడిగా పుట్టిన ఈ రెండూ చివరికి వియ్యమందాయి. దోరకు 0.6 అని నేనన్నాను. మా ఇంట్లో అడిగితే పెద్దత్తయ్య 0.5 అంటుంది, పచ్చడి మనిషి కాబట్టి. పిల్లలు 0.8 అంటారు, ఆత్రం కాబట్టి. ఎవరి మాట తీసుకోవాలి? ఎవరిదీ తీసెయ్యక్కర్లేదు, ‘0.5 నుంచి 0.8 దాకా’ అని రాసుకోండి అంటుంది ఇంటర్వెల్ టైప్-2 ఫజీ అనే పద్ధతి. దీనికి బీజం 1975లో జాదేనే వేశాడు. జెర్రీ మెండెల్ లాంటివాళ్లు దాన్ని పనికొచ్చే రూపానికి తెచ్చారు. ఇందులో మాటకు గట్టు లేకపోవడం ఒకటి, ఆ గట్టు ఎక్కడో మనుషులకు ఏకాభిప్రాయం లేకపోవడం ఇంకొకటి, రెండూ లెక్కలోకి వస్తాయి. దానికి తగ్గట్టే యంత్రానికి పనీ పెరుగుతుంది. ప్రతి నియమాన్నీ పిల్లల అంకెతో ఒకసారి, పెద్దత్తయ్య అంకెతో ఒకసారి నడపాలి.