బీజము - క్షేత్రము

సంతానోత్పత్తిని గూర్చి మనవారు తరతరములుగా వాడుచు వచ్చిన ఉపమానము బీజక్షేత్రములది. పురుషునిది బీజము, స్త్రీ క్షేత్రము. ఈ ఉపమానమున నేలకు నోరు లేదు. విత్తు మొలవనినాడు మాత్రము నింద నేలదే. ‘గొడ్రాలు’ అను మాటకు దీటైన మాట పురుషుని విషయమున లోకుల నోట అంతగా వినరాదు.

శరీరశాస్త్రము చెప్పు కథ వేరు. అండమును శుక్రకణమును కలియునది గర్భాశయమున గాదు, దానికి పక్కనున్న నాళములో. అచట ఏర్పడిన పిండము విభజన చెందుచు, నాలుగైదు దినములకు గర్భాశయమును చేరును. అప్పటికి అది ఇంచుమించు నూరు కణముల బోలు బంతి. గుండుసూది తలకంటె చిన్నది. గర్భాశయపు లోపొర దానిని ఎల్లవేళల స్వీకరింపదు. అండాశయమున, అండము వెలువడిన చోట ఏర్పడు పసుపుపచ్చని గ్రంథి ప్రొజెస్టెరోన్ అను హార్మోనును స్రవింపగా, ఆ పొర సిద్ధపడి, నెలలో కొలది దినములు మాత్రమే తలుపు తెరచును. వచ్చినవారు వాకిట పిలువవలెను, లోపలివారు పలుకవలెను.

ఇది కేవలము అలంకారము గాదు. 1992లో వెలువడిన ఒక పరిశోధన చూడుడు. ‘లిఫ్’ అను ప్రోటీనును తయారుచేయలేని ఆడ చిట్టెలుకలలో పిండములు చక్కగా ఏర్పడినవి గాని, గర్భాశయమున అంటుకొనలేదు. ఆ పిండములనే మామూలు చిట్టెలుకల గర్భమున ఉంచగా పిల్లలైనవి. లోపించినది విత్తనపు సత్తువ గాదు. తల్లి పొర పలుకవలసిన ఒక్క మాట.

ఇది విని నిందను మరల తల్లిపైననే మోపువారుందురు. వారు రెండవ పక్షమును గూడ వినవలెను. మానవ పిండపు పైకణములు సెలెక్టిన్ అను ప్రోటీనుతో ఆ పొరమీది చక్కెర అణువులను తడిమి పట్టుకొనునని 2003లో తెలిసినది. రక్తనాళముల గోడలను తెల్లకణములు పట్టుకొను తీరును ఇట్టిదే. అంటుకొనగనే పిండము మరొక వార్త పంపును. హెచ్.సి.జి. అను ఆ హార్మోను రక్తమున కలిసి అండాశయమును చేరి, వాడిపోనున్న పసుపు గ్రంథిని నిలుపును. ఆ వార్త అందనిచో గ్రంథి క్షీణించి, ముట్టు వచ్చును. నేటి గర్భపరీక్షలు పసికట్టునది ఈ వార్తనే.

వేళ తప్పిన పిలుపు సంగతి 1999లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశీలనలో ఉన్నది. ఆరు వారములు దాటి నిలిచిన 141 గర్భములలో నూటికి 84, అండము వెలువడిన పిదప 8వ దినము మొదలు 10వ దినము లోపల అంటుకొన్నవి. 9వ దినమునకు అంటుకొన్నవానిలో తొలివారములలోనే పోయినవి నూటికి 13. 11వ దినము దాటినవానిలో 82. ఆలస్యముగా వచ్చినవి మొదటినుండియు బలహీనములో, తలుపు మూయు వేళకు చేరినవో ఆ లెక్క చెప్పదు. అట్లు పోయినవానిలో పెక్కింటిని గూర్చి, ముట్టు రెండు దినములు ఆలసించినదని మాత్రమే స్త్రీ ఎరుగును. పొరుగువారు అదియు ఎరుగరు.